బొటనవేలు చెప్పే చరిత్ర

ప్రయాణమై గడప దాటుతుంటే కాలికి ఎదురుదెబ్బ తగిలిందనుకోండి, మన పెద్దవాళ్లు "కాసేపు కూచుని, మంచినీళ్లు తాగి వెళ్లమ్మా" అంటారు. శకునం సంగతి ఎలా ఉన్నా, దెబ్బ తగిలిన వేలిని ఆగి చూసుకోమనడం మాత్రం మంచి సలహాయే. మనలో ఎంతమంది అలా ఆగి చూసుకుంటున్నాం చెప్పండి! తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అదే కాలివేళ్లు నొప్పి పెడితే "ఆఁ, ఏముందిలే" అనుకుని, కుంటుకుంటూనే వంటా వార్పూ, బజారూ, ఆఫీసూ అన్నీ కానిచ్చేస్తాం. ఆ "ఏముందిలే" వెనక వేల ఏళ్ల చరిత్ర ఉంది. ఈవేళ దాన్ని గురించి చెప్పుకుందాం.

నడిచేటప్పుడు ముందు మడమ ఆనుతుంది. తర్వాత బరువంతా అరికాలి బయటి అంచు మీదుగా ముందుకు వస్తుంది. ఆఖరికి బొటనవేలు నేలను వెనక్కి తన్నితేనే మనం ముందుకు కదులుతాం. ఈ వేలి విలువ ఈజిప్టు వారికి ఎప్పుడో తెలుసు. క్రీస్తుకు పూర్వం 950కీ 710కీ మధ్య అక్కడ తబకెతెన్‌ముత్ అనే ఆవిడ ఉండేది. ఒక పూజారి కూతురు. ఆమె కాలికి బొటనవేలు పోతే, కొయ్యతోనూ తోలుతోనూ కొత్త వేలు చేసి తొడిగారు. అది ఇప్పటికీ ఉంది, వాడి అరగదీసిన గుర్తులతో సహా. మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో జాకీ ఫించ్ అనే పరిశోధకురాలు అలాంటి వేళ్లనే మళ్లీ చేయించి, బొటనవేలు లేని మనుషులకు తొడిగి నడిపించి చూసింది. అవి అలంకారానికి పెట్టినవి కావని, నడకకు నిజంగానే పనికొస్తాయని 2011లో ప్రకటించింది.

ఇక ఉన్న వేళ్లను మనుషులు ఏం చేసుకున్నారో చూడండి. పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లండులో ముందుభాగం సూదిలా సాగిన జోళ్లు తొడగడం వేడుకయింది. మొన సాగిన కొద్దీ గొప్ప! చివరికి 1463లో నాలుగో ఎడ్వర్డు రాజు, ప్రభువులు తప్ప ఇంకెవరూ రెండంగుళాలు మించిన మొన ఉన్న జోళ్లు తొడగరాదని చట్టం చేయవలసి వచ్చింది. కేంబ్రిడ్జిలో బయటపడిన 177 మంది అస్థిపంజరాలను శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఫలితాలను 2021లో వెల్లడించారు. బొటనవేలు పక్క వేళ్ల మీదికి వాలిపోయి, దాని మొదట్లో ఎముక బుడిపెలా బయటికి పొడుచుకు రావడం మీరు చూసే ఉంటారు. ఆ వంకర పదకొండు నుంచి పదమూడో శతాబ్దం వరకు నూటికి ఆరుగురిలో ఉంటే, ఆ తర్వాతి రెండు శతాబ్దాలలో నూటికి ఇరవై ఏడుగురిలో కనిపించింది. అంతేకాదు, నలభై అయిదేళ్లు దాటి పోయినవారిలో వేలు వంకరపడ్డవాళ్లకే కిందపడి విరిగిన ఎముకలు ఎక్కువగా ఉన్నాయి. చూశారా, వేలి దగ్గర మొదలయిన చిక్కు తుంటి దాకా, చేతి మణికట్టు దాకా పోతుంది.

ఆ తర్వాత ఐరోపాలో మరో తమాషా జరిగింది. సుమారు రెండు వందల ఏళ్లపాటు కుడి జోడుకూ ఎడమ జోడుకూ తేడా లేకుండా, రెండూ ఒకే తీరుగా కుట్టారు. కాలే జోడుకు తగ్గట్టు సర్దుకోవాలన్నమాట. 1781లో పెట్రస్ కాంపర్ అనే డచ్చి వైద్యుడు జోడు ఎలా ఉండాలో పనిగట్టుకుని ఒక గ్రంథమే రాశాడు. జోడు కాలిని బట్టి ఉండాలి గాని, కాలు జోడును బట్టి కాదని ఆయన వాదన.

చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టిన కథ మీకు తెలిసిందే. నాలుగైదేళ్ల పిల్లకు బొటనవేలు విడిచి తక్కిన నాలుగు వేళ్లనూ అరికాలి కిందికి మడిచి, గుడ్డతో బిగించేవాళ్లు. కట్టేదెవరనుకున్నారు? తరచు కన్నతల్లే. లేకపోతే పిల్లకు మంచి సంబంధం రాదని ఆమె బెంగ. 1912లో అక్కడ రిపబ్లిక్కు ఏర్పడ్డాక దాన్ని నిషేధించినా, ఆచారం పూర్తిగా పోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. బీజింగులోని డెబ్భై ఏళ్లు దాటిన స్త్రీలను పరీక్షించి 1997లో ప్రకటించిన ఫలితాలను చూస్తే, చిన్నప్పుడు పాదాలు కట్టినవాళ్లు తక్కినవాళ్లకంటె ఎక్కువగా పడిపోతున్నారని, చేతి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడమే కష్టంగా ఉందని తేలింది.

మరి తప్పంతా జోళ్లదేనా? 1958లో హాంకాంగులో ఇద్దరు వైద్యులు జోళ్లు తొడిగేవాళ్లనూ, ఉత్తకాళ్లతో తిరిగేవాళ్లనూ పోల్చి చూశారు. బొటనవేలి వంకర జోళ్లవాళ్లలో నూటికి ముప్ఫైముగ్గురికి ఉంటే, ఉత్తకాళ్లవాళ్లలో నూటికి ఇద్దరికే ఉంది. అట్లాగని చెప్పులు విసిరేయమని కాదు సుమండీ! ఉత్తకాళ్లకు ముళ్లూ మేకులూ ఉన్నాయి, కొంకిపురుగులూ ఉన్నాయి. పైగా ఈ వంకర కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా కూడా వస్తుంది. ఇరుకు జోడు దానికి తోడయితే బాధ ఎక్కువవుతుంది.

ఇంకో రకం నొప్పి ఉంది. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య, అడుగు వేసినప్పుడల్లా గులకరాయి తొక్కినట్టుంటుంది. చెప్పు విడిచి కాస్త రుద్దితే తగ్గుతుంది. విక్టోరియా రాణి పాదాలకు వైద్యం చేసిన డర్లాకర్ 1845లోనే దీన్ని గురించి రాశాడు గాని, పేరు మాత్రం 1876లో వర్ణించిన ఫిలడెల్ఫియా వైద్యుడు మోర్టన్‌కు దక్కింది. వేళ్ల మధ్య నరం చుట్టూ కణజాలం మందమవడం వల్ల వచ్చే బాధ ఇది. ఆడవాళ్లలోనే ఎక్కువ. ఎత్తు మడమలూ, ఇరుకు మొనలూ కారణమని వేరే చెప్పాలా!

రాత్రి హాయిగా పడుకున్న మనిషికి తెల్లవారుజామున బొటనవేలి మొదలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే, అది వేరే జబ్బు. మన చరకుడు వాతరక్తమన్నాడు. డబ్బున్న వారికి వచ్చేదని దానికి ఆఢ్యవాతమని కూడా పేరు. గ్రీసులో హిప్పోక్రటీసు స్త్రీలకు ముట్లుడిగేదాకా ఇది రాదని గమనించాడు. ఆ మాట ఇవాళ్టికీ చాలామటుకు నిజమే. 1848లో ఇంగ్లండులో గారడ్ అనే వైద్యుడు ఈ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉందని కనుక్కున్నాడు. దాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ మందు తయారీలో హిచింగ్స్‌తో పాటు ముఖ్యపాత్ర గెర్‌ట్రూడ్ ఎలియన్‌ది. ఆడదని మొదట్లో పరిశోధన ఉద్యోగమే దొరకని ఆమెకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

నొప్పి అసలు తెలియకపోతే ఎంత బాగుండును అనిపిస్తుంది గదా? మన చిత్తూరు జిల్లా పక్కనే ఉన్న వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే వైద్యుడు 1946 నుంచి చాలా ఏళ్లు కుష్ఠురోగులకు సేవ చేశాడు. వాళ్ల వేళ్లు వాటంతటవి రాలిపోవని, స్పర్శ పోయినందువల్ల దెబ్బ తగిలినా తెలియక, పుండు మీదే నడిచి పోగొట్టుకుంటారని ఆయన చూపించాడు. వాళ్లకోసం మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు చేయించాడు. అలాంటి చెప్పులే ఇవాళ చక్కెర జబ్బు వాళ్లకూ ఇస్తున్నారు. నొప్పి మన శత్రువు కాదు, కాపలాదారు.

ఇక మనం చేయవలసినవి. చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకోండి. దాని మీద చెప్పు పెడితే గీత బయటికి వచ్చిందా, అది మీకు ఇరుకే. "వాడగా వాడగా అదే సాగుతుంది" అనే మాట నమ్మకండి, సాగేది మన వేళ్లే. పెద్ద వేలి ముందు బొటనవేలి గోరు వెడల్పంత ఖాళీ ఉండాలి. మెట్టెలు బిగిస్తుంటే, వేలు వాచకముందే తీసి వదులు చేయించుకోండి. ఆనెకాయలను బ్లేడుతో కోయకండి. వేలు హఠాత్తుగా ఎర్రబడి ఉబ్బితే మర్దనా చేయక, చల్లని గుడ్డ వేసి, కాలు ఎత్తున పెట్టుకుని డాక్టరుకు చూపించండి. బి.పి.కి నీరు పోయే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి, మందు మాత్రం మీ అంతట మీరు మానకండి.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టవద్దు, ఆనెకాయల పట్టీలు అంటించవద్దు. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలూ, వేళ్ల సందులూ చూసుకోవాలి. తిమ్మిరి, మంట, మానని పుండు ఏది కనిపించినా మర్నాడే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంట్లో అత్తగారో అమ్మమ్మో ఈ మధ్య గోడ పట్టుకుని నడుస్తుంటే వయసు మీద పడిందని ఊరుకోకండి. ఒకసారి కూచోబెట్టి ఆవిడ కాలివేళ్లు చూడండి. ఆవిడ తనంతట తను చెప్పదు, మనమే అడగాలి.