రౌతు కొద్దీ గుర్రం

పెళ్ళిళ్ళ కాలంలో మా ఏ.ఎస్. రావు నగర్ వీధుల్లో సాయంత్రం పూట తెల్లగుర్రం ఒకటి కనిపిస్తూ ఉంటుంది. దాని వీపున జరీ పట్టా, మెడలో పూసలదండలు, నుదుట కుచ్చుల తలాటం. పైన కూర్చున్న పెళ్ళికొడుకుకు స్వారీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. బ్యాండు మేళం హోరులో, టపాకాయల మోతలో ఆ జంతువు బెదరకుండా అడుగులు వేస్తున్నదంటే ఆ ప్రజ్ఞ అంతా కళ్ళెం పట్టుకొని ముందు నడిచే మనిషిది. ఫోటోలో మాత్రం అతడు ఉండడు.

ఒకనాడు ఆ ఊరేగింపు చూస్తూ మా మేనకోడలు "మామయ్యా, గుర్రమెక్కడం ఎవరు నేర్పుతారు?" అని అడిగింది. డబ్బు కడితే నేర్పేవాళ్ళు నగరం శివార్లలో ఉన్నారని అప్పటికి సమాధానం చెప్పాను. కాని ఆ ప్రశ్న అంత తేలికైనది కాదని తరువాత తోచింది. ఈ నేల మీద గుర్రమెక్కడం ఎవరు ఎవరికి నేర్పారు? ఎవరికి నేర్పలేదు?

తెలుగులో అశ్వశిక్షకుడికి ఒక పాత మాట ఉంది, సాహిణి. కాకతి గణపతిదేవుని కొలువులో ప్రసిద్ధుడైన కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరు చివర నిలిచినది ఆ మాటే. గుర్రాలను, ఆశ్వికులను తీర్చిదిద్దే పదవి పేరు వంశాలకు గౌరవవాచకమైందంటే ఆ విద్యకు అప్పుడున్న విలువ ఊహించవచ్చు. గుర్రపు నడకలను అమరకోశం ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు ధారలుగా విభజించింది. అశ్వశాస్త్రానికి ఆద్యుడని చెప్పే శాలిహోత్రుని పేరు నుంచే హిందుస్తానీలో గుర్రాల వైద్యుడికి సాలోత్రి అనే మాట వచ్చింది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రచించాడు. అయితే గ్రంథాలు ఎక్కువగా చెప్పేవి గుర్రపు సుడుల గురించి, వన్నెల గురించి, వ్యాధుల గురించి. మొదటిసారి జీను మీద కూర్చున్నవాడి మోకాళ్ళ వణుకు ఎలా పోగొట్టాలో చెప్పే విద్య ప్రధానంగా నోటి మీద, చేతి మీద నడిచింది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్న తరువాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ దండు దిగింది. 1806లో ఆ దండుకు సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. బొల్లారంలో వెలసిన మరొక దండు 1853 ఒప్పందం తరువాత హైదరాబాద్ కంటింజెంట్‌గా స్థిరపడింది. అందులోని ఆశ్విక దళాలు సిలాదారీ పద్ధతిలో నడిచేవి. అంటే గుర్రం, జీను, ఆయుధం సిపాయివే. సొంత గుర్రం లేక పరాయి గుర్రంపై కొలువు చేసేవాడు బారిగీరు. 1903లో ఈ దళాలను భారత సైన్యంలో కలిపినప్పుడు 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్స్, 30వ లాన్సర్స్ ఏర్పడ్డాయి. 1916 జులై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, హై వుడ్ దగ్గర బల్లేలు పట్టి దౌడు తీసినవారిలో దక్కన్ హార్స్ రౌతులు ఉన్నారు. ఆ పేరుగల దళం నేటికీ మన సైన్యంలో ఉంది. ఇప్పుడు దాని వాహనం గుర్రం కాదు, టాంకు.

గుర్రాలు పోయినా ఊళ్ళ పేర్లు వాటిని మరవలేదు. బొల్లారంలోని రిసాలా బజార్‌కు ఆ పేరు అశ్వదళాన్ని బట్టి వచ్చినదే. సికింద్రాబాద్ గాస్‌మండీ అంటే గడ్డి సంత. బైసన్ పోలో మైదానం పేరులోనే దాని పని ఉంది. హైదరాబాదులో ఫస్ట్ లాన్సర్ ఒక పేట. ఏ.సి. గార్డ్స్ అని మనం పొడి అక్షరాలతో పలికేది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిద్దీ ఆశ్వికుల నివాసమది. మా కాలనీకి పొరుగునే ఉన్న మౌలాలిలో 1868లో గుర్రప్పందాలు జరిగాయి. 1886లో మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించాడు. నేడు అపార్టుమెంట్లు, కోచింగ్ సెంటర్లు నిండిన ఈ దారులకు కూతవేటు దూరంలో ఒకప్పుడు డెక్కల చప్పుడు వినిపించేది.

ఆ దండుల్లో కొత్తవాడికి నేర్పే పద్ధతి కఠినమైనది. అంకవన్నెలు తీసేసి, కొన్నిసార్లు జీను కూడా తీసేసి, గుర్రాన్ని దుల్కీ నడకలో వలయంగా తిప్పేవారు. పడినవాడు లేచి మళ్ళీ ఎక్కాలి. విన్‌స్టన్ చర్చిల్ ఆల్డర్‌షాట్‌లో ఇటువంటి శిక్షణే పొంది, ఆ బాధను తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అతని దళం 1896లో బెంగళూరు చేరిన కొద్ది వారాలకే హైదరాబాదు వచ్చి గోల్కొండ కప్పు పోలో పోటీలో గెలిచింది.

కాఠిన్యమే ఈ విద్యకు మార్గమా? సుమారు 2,400 ఏళ్ళ క్రితమే గ్రీకు సేనాని జెనొఫొన్ కోపంతో గుర్రం దగ్గరకు పోరాదని రాశాడు. నేటి శిక్షకుల పద్ధతి ఆ మాటకే దగ్గర. మొదటి పాఠం ఎక్కడం కాదు, దగ్గరకు వెళ్ళడం. గుర్రానికి కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల సరిగ్గా తోక వెనుక నిలిచినవారు దానికి కనబడరు. కనుక భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ వెళ్ళాలి. ఎడమవైపు నుంచి ఎక్కడం, కత్తి ఎడమ నడుముకు వేలాడిన కాలం నాటి అలవాటు. కత్తి పోయింది, అలవాటు మిగిలింది. మొదటి రోజుల్లో పగ్గం కొత్తవాడి చేతికి ఇవ్వరు. శిక్షకుడు పొడవైన తాడు పట్టుకొని గుర్రాన్ని తన చుట్టూ తిప్పుతాడు. దీనికి కారణం ఉంది. పడిపోతాననే భయం కలిగినప్పుడు మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా లాగుతాడు. ఆ లాగుడంతా గుర్రం నోట్లో, పళ్ళు లేని చిగురు మీద ఆనే కళ్ళెపు ఇనుముకు చేరుతుంది. అందుచేత తన తూకం తనకు దొరికే దాకా పగ్గం అందకూడదు. భుజం, నడుము, మడమ ఒకే గీతలో ఉండాలి. మడమ కిందికి దిగాలి. చూపు గుర్రం మెడ మీద కాక ముందుకు పోవాలి. నడకలో నాలుగు దెబ్బలు, దుల్కీలో రెండు, దౌడుకు ముందటి పరుగులో మూడు. ఈ తాళం నడుముకు తెలిసిననాడు సగం విద్య వచ్చినట్లే. ఈ పాఠాలకు పడుచు గుర్రం పనికిరాదు. ఎందరినో మోసి ఓర్పు నేర్చిన ముసలి గుర్రమే అసలు గురువు.

ఇక రెండవ ప్రశ్న: ఎవరికి నేర్పలేదు? మౌలాలి గుట్ట పాదాన మహ్ లకా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈ ఉర్దూ కవయిత్రి గుర్రపుస్వారీలో, విలువిద్యలో నేర్పరి. పురుషవేషంతో నిజాం వెంట దండయాత్రలకు వెళ్ళిందని చెబుతారు. ఆ కాలపు స్త్రీకి అది అరుదైన అవకాశం. స్త్రీల మాట అటుంచితే, దొరల గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడవవలసి వచ్చిన పల్లెవాసికి గుర్రమెక్కే ఊహ ఎక్కడిది? దేశంలో కొన్నిచోట్ల దళిత వరుడు గుర్రమెక్కితే దాడి జరిగిన వార్తలు మనం ఈనాటికీ చదువుతున్నాం. గుర్రం వీపు ఒక ఎత్తు మాత్రమే కాదు, ఒక హోదా. ఆ హోదాను కాపాడుకోవడానికి విద్యను దాచారు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. గుర్రాన్ని అందరికంటే ఎక్కువ ఎరిగినవాడు సాయీసు. తెల్లవారకముందే మాలీషు చేసేది, దాణా పెట్టేది, డెక్కలో ఇరుకున్న రాయి తీసేది అతడే. దొరబిడ్డను మొదటిసారి జీను మీదికెక్కించి పక్కన పరుగెత్తినదీ అతడే. కాని దళాల చరిత్రలు అధికారుల పేర్లతో నిండాయి. సాయీసులకు, గడ్డి కోసేవారికి వాటిలో పేర్లు లేవు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ ఆశ్వికులవి. మొదటి ప్రపంచయుద్ధంలో హైఫా పట్టణాన్ని 1918 సెప్టెంబరు 23న పట్టుకున్న బ్రిగేడ్ ఆ మూడు సంస్థానాలదే. రౌతులకైనా ఆ పాటి గుర్తింపు దక్కింది. 1948 సెప్టెంబరు తరువాత నిజాం సైన్యం రద్దయినప్పుడు సాయీసుల చేతుల్లోని విద్య ఏ గ్రంథానికీ ఎక్కకుండానే చెదిరిపోయింది.

మా కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు మొగల్లులో పుట్టి, 1967లో ఇ.సి.ఐ.ఎల్.ను తీర్చిదిద్దిన శాస్త్రజ్ఞులు. ఆయన 1940లలో చదివిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒకప్పటి గుర్రాల క్షేత్రంలో వెలసింది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్క క్షణం గాలిలో ఉంటాయని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878లో ఫోటోలు తీసి నిరూపించినది అక్కడే. ఆ ఫోటోల్లో కొన్నింటి కింద గుర్రం పేరు, యజమాని పేరు అచ్చయ్యాయి. దానిని పెంచి మచ్చిక చేసిన చేతుల పేర్లు అక్కడా లేవు.

రౌతు కొద్దీ గుర్రం అని మన సామెత. గుర్రాన్ని బట్టి కాదు, ఎక్కినవాడిని బట్టి దాని నడక అని అర్థం. ఆ రౌతు ఎవరి కొద్దీ అని మాత్రం సామెత అడగలేదు. ఈసారి ఊరేగింపు వచ్చినప్పుడు మా మేనకోడలు పెళ్ళికొడుకు వైపు చూడలేదు. కళ్ళెం పట్టుకున్న ఆయన దగ్గరకు వెళ్ళి గుర్రం పేరు అడిగింది. ఆయన పేరు చెప్పి, "ఎదురుగా కాదమ్మా, ఇటు పక్కనుంచి రా" అన్నాడు. మొదటి పాఠం అలా జరిగిపోయింది.