హెచ్చరిక, ఆదరణ: ఒంగోలు ప్రాంత క్రైస్తవ ప్రబోధ స్వరూపం (1866–1878)

తెలుగునాట క్రైస్తవ మతవ్యాప్తిని చర్చించిన రచనలలో ఒంగోలు ప్రస్తావన లేనివి అరుదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందడం అందుకు ప్రధాన కారణం. ఈ ఘటనకు రెండు వ్యాఖ్యానాలు స్థిరపడ్డాయి. మిషన్ చరిత్రలు దానిని జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సాధించిన విజయంగా చూపాయి. విమర్శకులు కరవుకాలంలో అన్నం కోసం జరిగిన మతమార్పిడిగా తేల్చారు. ఒక వ్యాఖ్యానంలో కర్త మిషనరీ, మరొక దానిలో కర్త ఆకలి. పాలెం నుంచి పాలేనికి నడిచి మాట చెప్పిన మాదిగ బోధకులకు గాని, ఆ మాట విని తమంతట నిర్ణయం తీసుకున్న శ్రోతలకు గాని ఈ రెండింటిలోనూ చోటు లేదు. ఆ మాట ఎటువంటిదో, అపరిచితుల మధ్య అది ఎలా పనిచేసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాల సాక్ష్యం

ప్రబోధానికి సంబంధించి తెలుగు క్రైస్తవ పరిభాషలో రెండు పదాలు గమనించదగినవి. నేడు వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో బర్నబా అనే పేరుకు ‘హెచ్చరిక పుత్రుడు’ అని అర్థం చెప్పారు. యోహాను సువార్త 14వ అధ్యాయంలో పరిశుద్ధాత్మను ‘ఆదరణకర్త’ అన్నారు. గ్రీకు మూలంలో ఈ రెండు చోట్లా ఉన్నవి ఒకే ధాతువు నుంచి పుట్టిన పదాలు: పరాక్లేసిస్, పరాక్లేతోస్. పక్కకు పిలవడం, పక్కన నిలవడం ఆ ధాతువులోని భావం.

తెలుగులో ఆ ఒక్క భావమే రెండుగా చీలింది. నేటి సామాన్య వ్యవహారంలో హెచ్చరిక అంటే ప్రమాద సూచన. అయితే స్వామిని మెలకువతో, మర్యాదతో కొలువుకు ఆహ్వానించే పాటలకూ హెచ్చరిక అనే పేరుంది. అక్కడ అది భయపెట్టే మాట కాదు, మేలుకొలిపే మాట. ఆదరణ అనే పదం ఓదార్పునూ, చేరదీయడాన్నీ, గౌరవించడాన్నీ కలుపుకొని ఉంటుంది. ఊరి వెలుపల ఉంచిన మనిషికి ఓదార్పు కన్నా గౌరవం తక్కువ అవసరమేమీ కాదు. ఒంగోలు ప్రాంత ప్రబోధాన్ని అర్థం చేసుకోవడానికి ఈ అర్థవిస్తృతి తోడ్పడుతుంది.

తోలు వ్యాపారి దారి

యెర్రగుంట్ల పేరయ్య కనిగిరి ప్రాంతపు మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రైస్తవం గురించి వినడానికి ముందే రాజయోగ సంప్రదాయంలో గురుబోధ పొందినవాడు. వ్యాపారం కోసం ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు అతడు కొత్త మతం మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. అదే నెలలో పేరయ్య స్వగ్రామం వద్ద 28 మంది బాప్తిస్మం పొందారు.

ఈ వరుస ముఖ్యమైనది. మిషనరీ పేరయ్య ఊరికి వెళ్లేనాటికే అక్కడ వినడానికి సిద్ధపడినవారు ఉన్నారు. వారిని సిద్ధం చేసినది పేరయ్య మాట. తోళ్లు కొనే మనిషికి పాలెంలోకి వెళ్లడానికి ప్రత్యేకమైన అనుమతి అక్కరలేదు. కొత్త ఊరిలోనూ కులం, వృత్తి, వరుస కలుస్తాయి. అపరిచితుడు కొద్దిసేపటిలోనే బంధువవుతాడు. గురువు దగ్గర కూర్చుని వినే అలవాటు, విన్నది మరొకరికి చెప్పే అలవాటు రాజయోగ శిష్యులకు కొత్తవి కావు. కనుక పేరయ్య తెచ్చినది కొత్త విశ్వాసమే అయినా, దానిని చేరవేసిన పద్ధతి పాలేలకు పరిచితమైనదే.

ఆ మాట విన్నందుకు చెల్లించవలసిన మూల్యమూ ఉంది. చచ్చిన పశువు మాంసం మానడం, ఊరి జాతరలలో డప్పు కొట్టడానికి నిరాకరించడం వంటి నిర్ణయాలు ఊరి పెద్దల ఆగ్రహానికి కారణమయ్యాయి. మాదిగలను సంఘంలో చేర్చుకున్నందుకు ఒంగోలు మిషన్ బడి నుంచి అగ్రకుల విద్యార్థులు వెళ్లిపోయారు. ఇటువంటి స్థితిలో నిలిచి ఉండమని చెప్పేవారి తోడు నిత్యావసరం. మెలకువగా ఉండమనే హెచ్చరిక, ఒంటరివి కావనే ఆదరణ ఇక్కడ ఒకటయ్యాయి.

కాలువ గట్టున

1876–78 కరవు మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ కాలంలో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే పనిమీద అజమాయిషీకి నియమించాడు. పలు ఊళ్ల నుంచి వచ్చిన, ఒకరినొకరు ఎరుగని కూలీలు ఒకే గట్టున చేరారు. పని ఆపి సేదదీరే వేళల్లో బోధకులు వారి మధ్య కూర్చుని కష్టసుఖాలు విన్నారు. భారం మోసి అలసినవారిని విశ్రాంతికి పిలిచే మత్తయి సువార్త 11వ అధ్యాయంలోని వచనమే వారి బోధకు ఆధారం. మట్టితట్ట దించి కూర్చున్నవారికి ఆ వచనంలోని భారం అలంకారం కాదు.

అయితే అజమాయిషీ చేసేవాడే ఓదార్చేవాడైనప్పుడు ఆ మాట పూర్తిగా స్వేచ్ఛగా వినిపించిందా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. కూలి ఇచ్చే చేతికీ బోధించే నోటికీ దగ్గరితనం ఉన్నచోట ఒత్తిడి ఉండే అవకాశం ఉంది. ఈ ప్రమాదాన్ని క్లౌ గ్రహించినట్లు అతని చర్యే చెబుతుంది. సహాయం సాగినంతకాలం, పదిహేను నెలల పాటు, అతడు బాప్తిస్మాలు ఆపివేశాడు. కరవు సహాయం ముగిసిన తరువాత, 1878 జూన్‌లో గాని వాటిని తిరిగి ప్రారంభించలేదు. అన్నం ఒక్కటే కారణమైతే, అన్నం ఆగిన తరువాత వేలమంది రావడం వివరణకు అందదు. కరవు వారిని ఒకచోట చేర్చింది. వారు తిరిగి రావడానికి కారణం మాత్రం మరొకచోట వెతకాలి.

వెల్లంపల్లిలో నీటిలో నిలిచి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆ పని చేశారు. ‘క్లౌ ఇచ్చిన బాప్తిస్మాలు’ అనే వాడుక ఈ వాస్తవాన్ని మరుగుపరుస్తున్నది.

లేని గ్రంథం

ఈ చరిత్రకు ప్రధాన ఆధారాలు రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ మాదిగల నోటి కథనాలపై ఆధారపడింది. క్లౌ ఆత్మకథాత్మక రచన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ అతని మరణానంతరం 1914లో వెలువడింది. పేరయ్య తెలుగులో చెప్పిన మాటలు నేడు ఇంగ్లీషు నుంచి వెనక్కి తెచ్చుకోవలసిన స్థితిలో ఉన్నాయి. ఆ గ్రంథాలలోని భాష మిషన్ పాఠకుల కోసం మలచినదన్న ఎరుకతోనే వాటిని చదవాలి.

పంతొమ్మిదో శతాబ్ది తెలుగు వచన చరిత్ర అచ్చుపుస్తకాల చుట్టూ, పత్రికల చుట్టూ నిర్మితమైంది. చదువుకు దూరంగా ఉంచబడినవారు నోటిమాటతో నడిపిన ప్రబోధం అందులో చేరలేదు. అపరిచితుని పక్కన కూర్చుని, అతని భారాన్ని అతని మాటల్లోనే పలికి, లేచి నిలబడమని చెప్పడం కూడా ఒక వాఙ్మయ ప్రక్రియే. పాత సంఘాల కుటుంబాలలో తరతరాలుగా చెప్పుకొంటున్న కథనాలను, సాక్ష్యాలను తెలుగులోనే సేకరిస్తే ఆ ప్రక్రియ లక్షణాలను నిర్ణయించవచ్చు. వెల్లంపల్లి సంఖ్య వెనుక ఉన్న మనుషులు కర్తలుగా చరిత్రలోకి రావడానికి అదే మార్గం.