శుక్లం ఆపరేషన్ ఒక్కరోజు పని ఎలా అయింది?

పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే శుక్లం ఆపరేషన్‌ను 1967లో చార్లెస్ కెల్మన్ తెచ్చిన, శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చే ఫేకో యంత్రం చలవగా రాయడం మనకు అలవాటు. మన పల్లె రోగుల విషయంలో అది సరికాదని నా అభిప్రాయం.

ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడి పద్ధతి శుక్లాన్ని చూపుకు అడ్డం లేకుండా నెట్టేది. 1747లో ఫ్రాన్స్‌లో జాక్ దవియెల్ దాన్ని బయటికి తీశాడు. 1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని చూపించాడు.

తేల్చుకోవాల్సింది 1976 తర్వాతి పాతికేళ్ల సంగతి. ఆ ఏడు మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఊళ్లలో కంటి శిబిరాలు నడిచాయి. మసకబారిన సహజ లెన్స్‌ను పొరతో సహా తీసేసేవారు. కోత పెద్దది, కొన్నాళ్లు కంటికి కట్టుతో, తల కదపకుండా పడుకోవాలి. ఆ తర్వాత సోడాబుడ్డి అద్దాలు. అవి పగిలితే మళ్లీ చీకటే. ఆసుపత్రి గడప తొక్కలేని జనానికి ఆ శిబిరాలే దిక్కు, కాదనను. కానీ ఎన్ని ఆపరేషన్లయ్యాయో చూశారే గానీ ఎందరికి చూపొచ్చిందో పెద్దగా చూడలేదు.

కంట్లో పెట్టే లెన్స్‌ను హెరాల్డ్ రిడ్లీ లండన్‌లో 1949లోనే అమర్చాడు. అది మన పేదవాడి కంటిదాకా రావడానికి 1992లో మదురైలో ఆరోల్యాబ్ సంస్థ చవకగా తయారుచేయాల్సి వచ్చింది. 1994లో ప్రపంచబ్యాంకు సాయంతో మొదలైన పథకం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో ఆపరేషన్‌ను శిబిరం నుంచి ఆసుపత్రికి మళ్లించింది. దానికి తోడు, కంటి తెల్లగుడ్డులో సొరంగంలా కోసే చిన్న కోత వచ్చింది. కుట్టు లేకుండా తనంతట తానే మూసుకుంటుంది, యంత్రం అక్కర్లేదు. ఫేకో కోత ఇంకా చిన్నదే, నిజం. అయితే గట్టి లెన్స్ దూర్చడానికి ఆ కోతనూ వెడల్పు చేయాల్సి వచ్చేది. మడత లెన్సులు వచ్చాకే దాని మేలు పూర్తిగా అందింది.

ఇవాళ బీపీ, షుగర్ చూసి, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, ఏ కన్నో నుదుటి మీద గుర్తు పెడతారు. మొద్దుబారే చుక్కలో, ఇంజెక్షనో ఇస్తారు. ముఖం మీద గుడ్డ, పైన మైక్రోస్కోపు వెలుగు. చాలామందికి అరగంటలోపే పని పూర్తవుతుంది. ఇది గొప్ప మేలు. నా అభ్యంతరం లెన్స్ బేరం మీద. చుక్కలు పడి చూపు మసకబారిన పెద్దాయన ముందు లెన్స్ ప్యాకేజీల కాగితం పెట్టి సంతకం అడగడం తప్పు. ఖరీదైన లెన్స్ అందరికీ మెరుగైన చూపునివ్వదు.

ఏ లెన్స్ అన్నది ఆపరేషన్ రోజుకు ముందే, ఇంటిమనిషిని పక్కన పెట్టుకుని తేల్చుకోండి. ఇంటికొచ్చాక నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా మర్నాటిదాకా ఆగకండి.