తూటాలు కరిగించి చేసుకున్న శిలువలు

సూర్యాపేట, నల్గొండ బస్సులు హైదరాబాద్‌లోకి వచ్చేది ఎల్బీనగర్ మీదుగానే. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో స్థిరపడ్డ కుటుంబాల్లో ఆ జిల్లాలవాళ్లు ఎందరో. నిజాం కాలపు వెట్టి, లెవీ ధాన్యం అన్న మాటలు వాళ్ల ఇళ్లల్లో తాతల నోట విన్నవే. అలాంటి ఇంట్లో కూర్చుని చూస్తే, జపాన్ దర్శకుడు నగిసా ఒషిమా 1962లో తీసిన 'అమకుసా షిరో తొకిసద' పరాయి కథ అనిపించదు.

1637. జపాన్ నైరుతి కొసన షిమబరా, అమకుసా ప్రాంతాలు. క్రైస్తవాన్ని 1614లోనే దేశమంతటా నిషేధించారు. విశ్వాసం వదిలారో లేదో తేల్చుకోవడానికి క్రీస్తు బొమ్మను కాళ్లతో తొక్కించేవారు. పంటలు పోయినా షిమబరా ప్రభువు మత్సుకురా కత్సుయియే శిస్తు తగ్గించలేదు. కట్టలేనివాళ్లకు, వానకు కప్పుకునే గడ్డికోటు తొడిగి, చేతులు కట్టి, నిప్పంటించేవారు. మంటల్లో మనిషి గింజుకోవడానికి 'గడ్డికోటు నాట్యం' అని పేరు కూడా పెట్టారు.

రైతులు తిరగబడ్డారు. పదహారేళ్ల కుర్రాడు అమకుసా షిరోను ముందు నిలుపుకొని, పాడుబడ్డ హరా కోటలో చేరారు. ఆడవాళ్లు, పిల్లలతో కలిపి సుమారు 37,000 మంది. లక్షకు పైగా సైన్యం చుట్టుముట్టింది. తామూ క్రైస్తవులే అయిన డచ్ వర్తకులు ప్రభుత్వం కోరగానే సముద్రం మీంచి కోటపై ఫిరంగులు పేల్చారు. లోపల తిండిగింజలు అయిపోయాయి. 1638 ఏప్రిల్‌లో కోట కూలింది. దాదాపు ఎవరినీ ప్రాణాలతో వదల్లేదు. ఆ తరవాత ప్రభుత్వం మత్సుకురా తల కూడా తీయించింది. తప్పు ఎవరిదో పాలకులకూ తెలుసన్నమాట.

ఒషిమా ఈ కథను కత్తియుద్ధాల వినోదంగా తీయలేదు. చీకటి దృశ్యాల్లో జనం తమలో తాము వాదించుకుంటారు: ఓర్చుకోవాలా, ఎదిరించాలా? సినిమా ఆడలేదు. ఆ ప్రశ్న మాత్రం మనకు కొత్తది కాదు. 1946 జులై 4న కడవెండిలో దొరల మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి తెలంగాణ పల్లెలు అడిగిందీ అదే. బి.నర్సింగరావు నిర్మించిన 'మా భూమి' సినిమాలో దర్శకుడు గౌతం ఘోష్ చూపించిందీ అదే.

హరా కోట తవ్వకాల్లో సీసపు శిలువలు దొరికాయి. ముట్టడిలో చిక్కుకున్నవాళ్లు తుపాకీ తూటాలు కరిగించి చేసుకున్నవి. ఆ తిరుగుబాటు మతం కోసమా, తిండి కోసమా అని చరిత్రకారులు వాదిస్తూనే ఉన్నారు. వేలెడంత లేని ఆ సీసపు ముక్కలో ఆ రెండూ విడదీయలేనంతగా కరిగి కలిసిపోయాయి.