నిండుసభలో తెలుగు

ఉర్దూ ఒక్కటియే రాజభాషయన్న పాలకుల నెదిరించి, 1952 ఫిబ్రవరి 21న ఢాకా నగరమున వంగయువకులు తమ మాతృభాషకై ప్రాణములు విడిచిరి. అంతకు ముప్పదియేండ్ల ముందే మన తెలుగునకు, రక్తపాతము లేకున్నను, గొప్ప పరాభవ మొకటి కలిగినది.

1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార మహాసభ జరిగెను. అధ్యక్షులు పూనాకు చెందిన కర్వే పండితులు. ఆంగ్లమున, ఉర్దూన, మరాఠీన ఉపన్యాసములు సాగగా సభ్యులు శ్రద్ధగా వినిరి. ఆలంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటాడ నారంభింపగానే గోలయు, ఎగతాళియు చెలరేగినవి. నిజాం రాజ్యమున అధికసంఖ్యాకులు తెలుగువారే సుమా! కచేరీభాష మాత్రము ఉర్దూ. ఆ సభవారి ననుట యెందులకు? తెలుగు పలికిన బాలుని దండించిన బడులను మనవైపునను నే నెఱుగుదును.

ఆ రాత్రియే టేక్మాల్ రంగారావుగారి యింట కొందఱు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మన నందిగామ తాలూకా పొక్కునూరున జన్మించిన మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమైరి. 1928లో వారు నారాయణగూడలో బాలికలకు తెలుగున చదువుచెప్పు పాఠశాలను నెలకొల్పిరి. అట్టి ఉన్నతపాఠశాలకు సర్కారు గుర్తింపు లేదు. పరీక్షలకు ఆశ్రయ మిచ్చిన దెవరు? కర్వే పండితుల మహిళా విశ్వవిద్యాలయమే! తెలుగును చూచి నవ్విన సభకు అధ్యక్షులైనవారే తెలుగు చదువునకు అండయైరి.

పిమ్మట, తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాసిరి. సురవరం ప్రతాపరెడ్డిగారు ఊరూరికి జాబులు వ్రాసి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందలి కవులు 354 మంది.