గిట్టుబాటు కాని పిల్లలు: బడి పరీక్షల వెనక 150 ఏళ్ల లెక్క



చదువు మన వాడల దాకా ఎలా వచ్చిందో, దారిలో ఎక్కడెక్కడ ఆగిపోయిందో ఈ వరుసలో మాట్లాడుకుంటున్నాం. ఈసారి చిన్నపిల్లల పరీక్షల సంగతి చూద్దాం.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ ఆపకూడదంది, బడి నుంచి తీసెయ్యకూడదంది. పదేళ్లు తిరక్కుండానే, 2019లో ఆ చట్టాన్ని సవరించారు. 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టొచ్చు. తప్పితే రెండు నెలల్లోపు ఇంకో అవకాశం. అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచే అధికారం ప్రభుత్వాలకు వచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం తన చేతికింద ఉన్న బళ్లకు దీన్ని అమలు చేస్తూ నిబంధనలు మార్చింది.

"భయం లేకపోతే పిల్లలు చదవరు, లెక్క అడక్కపోతే టీచర్లు చెప్పరు." ఈ మార్పును సమర్థించేవాళ్ల మాట ఇది. కొత్తగా కనిపెట్టిన తెలివి లాగా చెబుతున్నారు గానీ, ఈ మాటకు 150 ఏళ్లు దాటాయి. ఒకసారి నిండుగా అమలు చేసి చూశారు కూడా. మన తెలుగు జిల్లాల్లోనూ చూశారు. ఏమైందో తెలుసుకోవాల్సిన అవసరం అందరికన్నా మనకే ఎక్కువ.

కథ ఇంగ్లండులో మొదలైంది. 1862లో విద్యా వ్యవహారాలు చూసే రాబర్ట్ లో అనే మంత్రి ఒక నిబంధనావళి తెచ్చాడు. పేదల బళ్లకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటును పిల్లల హాజరుకూ పరీక్ష ఫలితానికీ ముడిపెట్టాడు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. చదవడం, రాయడం, లెక్కలు, మూడింట్లో ఒక్కొక్క పిల్లనే పరీక్షిస్తాడు. మూడూ పాసైతే పిల్లకు 8 షిల్లింగులు. ఒకటి తప్పితే అందులో మూడో వంతు కోత. చదువు బాగుంటే డబ్బు వెళ్తుంది, బాగోలేకపోతే ఖజానాకు ఖర్చు మిగులుతుంది. ఎటు చూసినా ప్రభుత్వానికి నష్టం లేని బేరం. దీన్నే 'ఫలితాలను బట్టి చెల్లింపు' అన్నారు.

ఏమైంది? పిల్లలు వాచకాన్ని బట్టీ పట్టారు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా 'చదివేవాళ్లు' తయారయ్యారు. పరీక్షలో లేని చరిత్ర, భూగోళం లాంటివి వెనకబడ్డాయి. 35 ఏళ్లు బళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్, బోధనలో జీవం పోయి అంతా యంత్రం లాగా తయారైందని తన నివేదికలోనే రాశాడు. 1890ల చివరికి ఇంగ్లండు ఈ పద్ధతిని వదులుకుంది.

ఈలోపే అది ఓడెక్కి మన దేశం వచ్చింది.

1860ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఈ పద్ధతిని ప్రాథమిక బళ్లకు పెట్టింది. అప్పట్లో మన కోస్తా, సీమ జిల్లాల్లో చదువంటే ఎక్కువగా వీధి బడే. అరుగు మీద పంతులు, చుట్టూ పిల్లలు. పిల్లల ఇళ్లనుంచి వచ్చే కాస్త జీతం, గింజలు, పండగ కానుకలే ఆయన బతుకు. ఆ పంతులుకు ఇక నుంచి ప్రభుత్వ గ్రాంటు కావాలంటే పిల్లలు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి పాసవ్వాలి. ఎంతమంది పాసైతే అంత.

ఇప్పుడు మీరే ఆ పంతులు స్థానంలో కూర్చుని లెక్క వెయ్యండి. ఇద్దరు పిల్లలున్నారు. ఒకడు కరణం గారబ్బాయి. ఇంట్లో తాటాకు పుస్తకాలున్నాయి, చదివి చెప్పే తాతయ్య ఉన్నాడు, రోజూ బడికొస్తాడు. ఇంకొకడు మాదిగవాడ పిల్లోడు. నాట్లకు పోతాడు, కోతలకు పోతాడు, పశువులు కాస్తాడు. వాడు అక్షరం దిద్దడం మొదలుపెడితే వాళ్ల వంశంలో అదే మొదటిసారి. మొదటివాడి మీద నెల కష్టపడితే పాస్ ఖాయం. రెండోవాడి మీద రెండేళ్లు కష్టపడినా, తనిఖీ రోజున వాడు పొలంలో ఉంటే చేతికొచ్చేది సున్నా.

అంటరానితనం వాణ్ని అరుగు ఎక్కనివ్వలేదు, అది మనకు తెలిసిందే. ఈ లెక్క దానికి ఇంకో కారణం జోడించింది: వాడు గిట్టుబాటు కాడు. పంతులు కులాభిమాని కానక్కర్లేదు, మంచివాడే కావచ్చు. తన పూట గడవాలంటే వాణ్ని పక్కన పెట్టక తప్పని ఏర్పాటు అది. ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో మన పిల్లలకు పలక చేతికిచ్చింది మిషన్ బళ్లు. ఈ పద్ధతి ప్రకారం నడిచి ఉంటే ఆ బళ్లు మన వాడలకు వచ్చే పనే లేదు. ఎందుకంటే మనం ఫలితం చూపించగలిగిన జనం కాదు, అప్పుడే మొదలుపెడుతున్న జనం.

ఈ మోసాన్ని అప్పుడే పట్టుకున్నవాడు జ్యోతిరావు ఫూలే.

1882లో హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ ఏర్పడింది. ఆ ఏడాది అక్టోబరులో ఫూలే పుణె నుంచి దానికి వినతిపత్రం ఇచ్చాడు. ఉచిత నిర్బంధ విద్య అడిగిన పత్రంగా మనం దాన్ని గుర్తుపెట్టుకున్నాం. అందులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది, దాన్ని వదిలేశాం. ఫలితాలను బట్టి చెల్లించే పద్ధతి పేద జనానికి, చదువు రుచి ఇంకా ఎరగని జనానికి పనికిరాదని ఫూలే తేల్చి చెప్పాడు. ఆ లెక్కన బతుకు గడవదు కాబట్టి వాళ్ల మధ్య బడి పెట్టే సాహసం ఏ టీచరూ చెయ్యడన్నాడు. పుణెలో 5,000 మందికి పైగా మహర్, మాంగ్ జనం ఉంటే వాళ్ల పిల్లలకున్నది ఒకే బడి, దానికి వచ్చేది 30 మంది లోపేనని చూపించాడు. మరి ఏం కావాలన్నాడు? టీచరుకు స్థిరమైన, మంచి జీతం కావాలన్నాడు. టీచర్లు వీలైనంతవరకు సేద్యం చేసే కులాల నుంచి రావాలన్నాడు. పిల్లలతో కలిసిపోగలిగినవాళ్లు, అవసరమైతే నాగలి పట్టడానికి సిగ్గుపడనివాళ్లు కావాలన్నాడు.

గమనించండి. అధికారులు 'పిల్ల పాసైందా?' అని అడుగుతుంటే ఫూలే 'ఆ పిల్ల దగ్గరికి టీచరు ఎందుకు వెళ్తాడు?' అని అడిగాడు.

కమిషన్ ఏం చేసింది? ప్రాథమిక బళ్లకు సాయం చాలావరకు పరీక్ష ఫలితాల మీదే ఉండాలని సిఫారసు చేసింది. వెనకబడిన ప్రాంతాలకు మినహాయింపు ఇవ్వొచ్చని ఒక వాక్యం చేర్చింది. అంటే ఫూలే చెప్పింది నిజమని ఒప్పుకుంటూనే, నియమాన్ని మాత్రం అలాగే ఉంచింది. 1904లో కర్జన్ కాలపు విద్యా తీర్మానంతో గానీ ఈ పద్ధతిని వదిలించుకునే నిర్ణయం జరగలేదు. అప్పటికి ఒక తరం పిల్లలు గడప బయటే పెద్దవాళ్లైపోయారు.

1927లో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ లేచి చెప్పిన లెక్క చూడండి. ప్రాథమిక బడిలో 100 మంది చేరితే నాలుగో తరగతికి చేరేది 18 మంది. మిగిలిన 82 మంది మళ్లీ నిరక్షరాస్యతలోకే. బడిలో అడుగుపెట్టిన ప్రతి పిల్లా, చదువు మళ్లీ మరిచిపోని దశ దాకా వచ్చాకే బయటికి వెళ్లాలని ఆయన వాదించాడు. అదే ఏడాది విశ్వవిద్యాలయ బిల్లు మీద మాట్లాడుతూ పరీక్ష వేరు, చదువు వేరు అన్నాడు. ప్రమాణాలు పెంచుతున్నామనే పేరుతో పరీక్షను కఠినం చేసి, అప్పటిదాకా గుమ్మం తొక్కని కులాలను బయటే ఉంచుతున్నారని నిలదీశాడు.

ఇదంతా వలస పాలన నాటి పాత కథ అనుకుంటారేమో. అమెరికాలో 2002లో 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం వచ్చింది. ఏ బిడ్డా వెనకబడకూడదని దాని పేరు. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా ఒకే నమూనా పరీక్ష, లక్ష్యం అందుకోని బడికి శిక్ష. నల్లజాతి పిల్లలే ఎక్కువగా చదివే అట్లాంటా బళ్లలో టీచర్లే రబ్బరు పట్టుకుని జవాబులు దిద్దారు. 2011లో విచారణ నివేదిక 44 బళ్లలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటపెట్టింది. 2015లో 11 మందిని ముఠా నేరాల చట్టం కింద దోషులుగా తేల్చారు. వాళ్లు చేసింది తప్పే. కానీ అసలు నష్టం పిల్లలది. కాగితం మీద పాసైన పిల్లకు చదవడం రాకపోయినా ఇక ఎవరూ సాయం చెయ్యరు కదా.

ఇక్కడ మన మిత్రులే అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, రాత పరీక్షే కదా మనల్ని కాపాడింది? ఇంటర్వ్యూలో కులం అడుగుతారు, ఓఎంఆర్ షీటు అడగదు కదా?" నిజం. ఉద్యోగాల్లో, విశ్వవిద్యాలయాల్లో పేరు కనపడని రాత పరీక్ష మనకు రక్షణ. ఇంటర్వ్యూ మార్కుల్లో కులం ఎలా పనిచేస్తుందో కాలేజీలో పాఠం చెప్పే నాకు వేరేగా ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అక్కడ సీట్లు తక్కువ, ఎవరినో ఒకరిని ఎంచక తప్పదు. ఎనిమిదేళ్ల పిల్లను ఎంచడం దేనికి? ప్రాథమిక బడి పని ఏరడం కాదు, అందరికీ నేర్పడం.

అయినా ఏరుతున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో అయిదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష ఉంది. గురుకులాలు మన పిల్లలకు చేసిన మేలు చిన్నది కాదు, నేను వాటికి వ్యతిరేకం కాదు. అడుగుతున్నది ఒకటే: ఆ పరీక్ష నెగ్గని తొమ్మిదేళ్ల పిల్ల ఎక్కడికి వెళ్తుంది? ఒకే టీచరున్న వాడ బడికే. ఆ బడి బాగుపడాలని అడిగే గొంతులు సీటు వచ్చిన ఇళ్లతో పాటే వెళ్లిపోతాయి.

మన భాషలో 'పరీక్ష తప్పాడు' అంటాం. 'తప్పు'లో ఉన్న తప్పే అది. అయిదో తరగతి పిల్లకు వాక్యం చదవడం రాకపోతే తప్పెవరిది? భర్తీ కాని టీచరు పోస్టుదా, ఓటర్ల జాబితాలకూ సర్వేలకూ టీచర్ని పంపిన ఆఫీసుదా, పిల్లదా? ఆపేసే విధానం ఆ తప్పంతా పిల్ల నెత్తిన పెట్టి, అదే గదిలో, అదే లోటు మధ్య ఇంకో ఏడాది కూర్చోబెడుతుంది. అలా ఆగిన ఆడపిల్లకు ఇంట్లో ఏ మాట సిద్ధంగా ఉంటుందో మన వాడల్లో అందరికీ తెలుసు.

పరీక్షే వద్దని నేననడం లేదు. పిల్లకు ఏం వచ్చో ఏం రాదో టీచరుకు తెలియాలి, అందుకు పరీక్ష కావాలి. జ్వరం ఎంతుందో చూడటానికి థర్మామీటరు కావాలి. జ్వరం ఉందని రోగిని ఆసుపత్రి నుంచి పంపేస్తేనే పేచీ.

అందుకని విద్యార్థి మిత్రులకూ, సంఘాల్లో పనిచేసేవాళ్లకూ నా విన్నపం. మీ వాడ బడికి వెళ్లండి. పరీక్షలో ఎంతమంది పాసయ్యారని అడిగి ఊరుకోకండి. ఈ ఏడాది మంజూరైన టీచర్లెందరు, ఉన్నదెందరు? తప్పిన పిల్లలకు ఆ తర్వాత ఎవరు, ఎన్ని గంటలు, ఏం చెప్పారు? మధ్యలో మానేసిన పిల్లల ఇంటికి ఎవరైనా వెళ్లారా? ఈ జవాబులు రాసుకుని, ఊళ్లో నలుగురి ముందూ చదివి వినిపించండి. ఫూలే 1882లో చేసిన పని అదే: ఎంతమంది మనవాళ్లు, ఎన్ని బళ్లు, ఎందరు పిల్లలు అని లెక్కపెట్టి కమిషన్ ముందు పెట్టాడు.

మీరు రాసుకున్న లెక్కలు నాకూ పంపండి. వచ్చే భాగంలో వాటితోనే మాట్లాడుకుందాం.

జై భీమ్. జై సావిత్రిబాయి.