గట్టు కొలిచే రైతులు

గట్టు తగాదా మనకు కొత్త కాదు. ఆ తగాదాను చేలోనే నిలబడి రైతులే తీర్చుకునే ఊరు ఒకటి ఇంగ్లండు దేశంలో ఉన్నది. నాటింగ్‌హామ్ ప్రాంతంలోని లాక్స్‌టన్ అనే పల్లె అది.

పూర్వం మధ్య ఇంగ్లండులో చాలా పల్లెల తీరు ఇదే. ఇళ్ళూ కొట్టాలూ వీధి వెంబడి, సాగునేల ఊరి చుట్టూ. ఆ నేలంతా రెండు మూడు పెద్ద చేలు. నడుమ కంచెలు లేవు. ప్రతి రైతుకూ ప్రతి చేలోనూ పొడుగాటి చెక్కలుండేవి. కనుక మంచి నేలా, చెడ్డ నేలా అందరికీ తలా కొంత వచ్చేది. మూడు చేలున్న ఊళ్ళో ఒకటి చలికాలపు గోధుమ, ఒకటి వసంతంలో చల్లే బార్లీ, బఠాణీ, మూడోది బీడు. ఏటేటా వంతు మారేది. కోతలయ్యాక అందరి పశువులూ అక్కడే మేసేవి.

1604 మొదలు 1914 వరకు పార్లమెంటు 5,200 పైచిలుకు చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాలకు కంచెలు వేయించింది. కమతాలు ఒకచోటికి చేరాయి, కొత్త సేద్యానికి వీలు చిక్కింది, నిజమే. కాని ఉమ్మడి బీటిలో ఒక్క ఆవును మేపుకు బ్రతికే బీదవాడికి మేత పోయింది. చాలామంది కూలీలైనారు.

లాక్స్‌టన్‌లో ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరక, ఆ పని సగంలో నిలిచిపోయింది. 1635లో గీసిన ఊరి పటంలోని చేలలో పడమటి చేను, మర చేను, దక్షిణపు చేను నేటికీ ఉమ్మడి కట్టుబాటు కిందనే దున్నుతున్నారు.

చేలు మిగలటం అదృష్టం. నిలబెట్టింది మాత్రం రైతులే. ఏటా నవంబరు చివర కౌలు రైతుల జ్యూరీ గోధుమ చల్లిన చేనికి వెళుతుంది. హద్దులు చూచి, చెదిరినచోట మేకులు పాతుతుంది. దారిలోకి గాని, ఉమ్మడి పచ్చికలోకి గాని నాగలి పోనిచ్చినవాని పేరు వ్రాసుకుంటుంది. తరువాత కూడే సభలో అతనికి జరిమానా వేస్తారు. ఆ సభ పేరు కోర్టు లీట్.

ఈ పల్లెను 1952లో ప్రభుత్వ వ్యవసాయశాఖ కొన్నది. 1981లో క్రౌన్ ఎస్టేటుకు, 2020లో థోర్స్‌బీ ఎస్టేటుకు చేతులు మారింది. యజమానులు మారారు గాని, కోర్టు మాత్రం ఏటా కూడుతూనే ఉన్నది. అక్కడ మేకు పాతేది పైనుంచి వచ్చిన అధికారి కాదు, పక్క చెక్క దున్నే రైతు. రేపు తన చెక్కనూ ఇంకొకరు కొలుస్తారని అతనికి తెలుసు. అందుకే ఆ మేకును ఎవరూ పీకరు.